ఇంటి నుంచి పనా, ఆఫీసుకా: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వాళ్ళు తేల్చుకునే పద్ధతి

హైదరాబాద్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఆఫీసుకొస్తే ఇంత, ఇంటి నుంచి చేస్తే ఇంత అని రెండు అంకెలు చెప్పారు. ఇంట్లో అమ్మది ఒక మాట, నాన్నది ఒక మాట, హైదరాబాద్‌లో స్థిరపడిన బావది ఇంకో మాట. జవాబుకు పది రోజుల గడువు అడగండి. అడిగితే చాలామంది ఇస్తారు. ఆ పది రోజుల్లో ఎవరి మాటలూ తూచనక్కర్లేదు. కొలవాల్సినవి వేరే ఉన్నాయి.

నగరంలో ఉన్నవాళ్ళకు ఇల్లూ ఆఫీసూ ఒకే ఊళ్ళో ఉంటాయి. ఇంటి నుంచి పని కుదరకపోతే మర్నాడు బస్సెక్కి ఆఫీసుకు పోతారు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉండే తెలుగువాళ్ళకు ఆ వీలు లేదు. మన ఇంటికీ ఆ ఆఫీసుకీ మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణం ఉంది. నిర్ణయం తప్పితే దిద్దుకోవడానికి హాస్టల్ అడ్వాన్సు, సామాన్ల రవాణా, నోటీసు పీరియడ్ అన్నీ నెత్తిన పడతాయి. అందుకే ముందు కొలిచి, తర్వాత తేల్చుకోండి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఉద్యోగంలో మొదటి ఏడాది, వీలైతే రెండేళ్ళు, ఆఫీసులోనే గడపండి. పని చేతికి వచ్చాక ఇంటికి తిరిగి రండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆరోగ్యం బాగోలేకపోయినా, చంటిపిల్లలున్నా ఈ లెక్క మారుతుంది. అప్పుడు ఇంటి నుంచి పనే సరైనది కావచ్చు. అయితే కింద చెప్పిన నెట్, కరెంటు, గది అనే మూడు పరీక్షల్లో ఇల్లు నెగ్గాలి.

మొదట: మీ పనిని గంటలుగా విడగొట్టండి

కాగితం మీద మూడు గళ్ళు గీయండి. ఒంటరిగా కూర్చుని చేసేది, ఎవరినో అడిగి తెలుసుకుంటే తప్ప కదలనిది, నలుగురితో మాట్లాడుతూ చేసేది. ఎనిమిది గంటల రోజులో ఏ గడిలో ఎన్ని గంటలు పడతాయో రాయండి. కొత్త ఉద్యోగమైతే అదే టీములో పనిచేస్తున్న వ్యక్తితో ఇంటర్వ్యూ తర్వాత ఒక పావుగంట మాట్లాడించమని హెచ్ఆర్‌ని అడిగి, ఆయన రోజు ఎలా గడుస్తుందో కనుక్కోండి.

రెండో గడిలో రోజుకు రెండు గంటలు దాటితే ఆఫీసుకే వెళ్ళండి. కారణం సూటిగా ఉంది. పక్క సీటులో ఉన్న సీనియర్‌ని తల తిప్పి అడిగితే అర నిమిషంలో జవాబు వస్తుంది. చాట్‌లో అడిగితే ఆయన చూసేసరికి నలభై నిమిషాలు. ఈలోగా మీరు ఆగిపోతారు, లేదా తప్పు దారిలో నాలుగు అడుగులు వేస్తారు. పైగా చిన్న ప్రశ్నను చాట్‌లో రాయడానికి కొత్తవాళ్ళకు మొహమాటం. ఆ మొహమాటమే ఆరు నెలలకు "ఈ అబ్బాయి నెమ్మది" అన్న పేరుగా మారుతుంది.

స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం షాంఘైలోని ఒక ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో చేసిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. తొమ్మిది నెలలపాటు కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేయించారు. వాళ్ళ పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. అయితే రెండు సంగతులు గమనించాలి. మొదటిది, చేరడానికి పెట్టిన షరతులు: ఇంట్లో పని చేసుకోవడానికి వేరే గది ఉండాలి, బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, కంపెనీలో ఆరు నెలలైనా పనిచేసి ఉండాలి. ఈ మూడూ లేనివాళ్ళ సంగతి ఆ 13 శాతంలో లేదు. రెండోది, అంతే బాగా పనిచేసినా ఇంటి నుంచి చేసినవాళ్ళకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. చివర్లో మీ ఇష్టమంటే, ఇంటి నుంచి చేసినవాళ్ళలో దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగొచ్చారు. ఒంటరితనం పెద్ద కారణం. అదే కంపెనీలో తర్వాత వారానికి రెండు రోజులు ఇల్లు, మిగతావి ఆఫీసు అన్న పద్ధతి పెట్టి చూశారు. 2024లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, ప్రమోషన్లకు దెబ్బ తగల్లేదు.

రెండోది: ఇంటికి ఏడు రోజుల పరీక్ష

మీరు ఎక్కడ కూర్చుని పనిచేస్తారో అక్కడే, ఏ వేళల్లో పనిచేస్తారో ఆ వేళల్లోనే ఏడు రోజులు చూడండి. అమెరికా షిఫ్టు అయితే రాత్రి చూడాలి, మధ్యాహ్నం చూస్తే లాభం లేదు.

ముందు నెట్. స్పీడ్ టెస్టులో 100 ఎంబీపీఎస్ వచ్చిందని సంబరపడొద్దు. నాణ్యమైన వీడియో కాల్‌కు అటూ ఇటూ 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు. కాల్‌ని చంపేది మధ్యమధ్యలో వచ్చే అంతరాయాలు. వాటిని ఇలా పట్టుకోవాలి: విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ పక్కన టి అక్షరం, మళ్ళీ ఖాళీ, 8.8.8.8 (ఇది గూగుల్ సర్వర్ చిరునామా) అని కొట్టి ఎంటర్ నొక్కండి. గంటసేపు అలా వదిలేయండి. తర్వాత కంట్రోల్, సి కలిపి నొక్కితే లెక్క చూపిస్తుంది. పోయిన ప్యాకెట్లు, అంటే దారిలో తప్పిపోయిన డేటా ముక్కలు, ఒక శాతం లోపు ఉండాలి. జవాబు రావడానికి పట్టే సగటు సమయం 100 మిల్లీసెకన్ల లోపు ఉంటే హాయి. సగటు 40 ఉండి మధ్యలో 800, 1200 అని ఎగిరిపడుతుంటే మీ మాట అవతలివాళ్ళకు ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య ఒకసారి చేసి రాసుకోండి. ఆ రెండు గంటలూ వీధంతా సినిమాలు చూసే వేళ. తేడా అప్పుడే బయటపడుతుంది.

ఫలితం బాగోలేకపోతే నెట్ కంపెనీకి ఫోన్ చేసేముందు ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రూటర్‌కు తగిలించి మళ్ళీ చూడండి. పాత పెంకుటిళ్ళ మందపు గోడలు దాటి వైఫై రాదు. పది మీటర్ల క్యాట్ 6 కేబుల్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. సగం ఫిర్యాదులు దాంతోనే తీరిపోతాయి. కేబుల్‌తో కూడా అలాగే ఉంటే గోడకున్న ఫైబర్ డబ్బా చూడండి. లాస్ (LOS) అని రాసున్న దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు సంకేతమే రావట్లేదు, బయట తీగ తెగింది. పాన్ (PON) దీపం మిణుకుమిణుకుమంటుంటే సంకేతం బలహీనంగా ఉంది, లేదా వాళ్ళ వైపు రిజిస్టర్ కావట్లేదు. రెండూ సరిగా ఉండి నెట్ రాకపోతే తప్పు పైన ఎక్కడో ఉంది. ఫోన్‌లో "నెట్ రావట్లేదు" అనకుండా ఏ దీపం ఎలా ఉందో చెప్పండి. సరైన మనిషిని పంపిస్తారు. లైన్‌మన్ వచ్చినప్పుడు రిసీవ్ పవర్ (మీ ఇంటికి చేరే సంకేతం బలం) ఎంతుందో మీటర్‌లో చూపించమనండి. మైనస్ 25 డీబీఎం కంటే దిగజారి మైనస్ 27, 28 దగ్గర ఉంటే ఈరోజు పనిచేసినా వానాకాలంలో పోతుంది. తీగను మేకు చుట్టూ మడిచి కట్టడం దీనికి ముఖ్య కారణం. మన ఇళ్ళలో గుమ్మం మూల దగ్గర ఈ మడత తప్పకుండా ఉంటుంది. ఫైబర్ వంపు గోళీ సైజులో కాదు, పెద్ద గాజు సైజులో ఉండాలి.

ఇక రెండో కనెక్షన్. ఇది లేకుండా ఇంటి నుంచి పని ఒప్పుకోవద్దు. రెండూ ఒకే కంపెనీవైతే, లేదా రెండు ఫైబర్లూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తే అది రెండో కనెక్షన్ కాదు. ఒకటి ఫైబర్, రెండోది వేరే కంపెనీ మొబైల్ డేటా. మీ కుర్చీ దగ్గర ఏ సిమ్ బాగా పనిచేస్తుందో స్నేహితుల ఫోన్లు అడిగి తెచ్చి హాట్‌స్పాట్ మీద అదే పింగ్ పరీక్ష చేయండి. మేడ మీద నాలుగు గీతలు చూపించిన సిమ్ కింద గదిలో ఒక గీత చూపించవచ్చు.

కరెంటు

ఏడు రోజులూ కరెంటు ఎప్పుడు పోయింది, ఎంతసేపు పోయింది అని రాయండి. మొత్తం గంటల కంటే ఎన్నిసార్లు పోయిందన్నది ముఖ్యం. రోజుకు ఒకసారి రెండు గంటలు పోతే ఇన్వర్టర్ చాలు. రోజుకు పదిసార్లు రెండేసి నిమిషాలు పోతే ఇన్వర్టర్ ఉన్నా చిక్కే. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులో ల్యాప్‌టాప్‌కు ఏమీ కాదు, దానికి బ్యాటరీ ఉంది. రూటర్ మాత్రం ఆగి మళ్ళీ లేస్తుంది. అది పూర్తిగా లేచి నెట్ అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు. మీటింగ్‌లో పదిసార్లు మీరు మాయమైతే ఎవరూ కరెంటుని అనరు, మిమ్మల్నే అంటారు.

దీనికి రెండు మందులు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఎకో అని మీట ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి, మార్పు వేగంగా జరుగుతుంది. లేదా రూటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ (బ్యాటరీ పెట్టె) కొనండి. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద రాసింది చదవండి. చాలావాటికి 12 వోల్టులు, 1 ఆంపియర్ లేదా 2 ఆంపియర్లు. ఫైబర్ డబ్బా, రూటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ కరెంటు కావాలి. ఒక్కదానికే పెట్టి నెట్ రాలేదని తల పట్టుకునేవాళ్ళు చాలామంది. ఆ యూపీఎస్ మీద 10,400 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్క, అంటే దాదాపు 38 వాట్ అవర్లు. పది పన్నెండు వాట్లు తాగే రూటర్‌ను మూడు గంటలు నడిపిస్తుంది. పది గంటలని చెప్పే దుకాణదారుణ్ణి నమ్మొద్దు.

ఇన్వర్టర్ లెక్క కూడా మీరే వేసుకోండి. 150 ఏహెచ్ బ్యాటరీ, 12 వోల్టులు, గుణిస్తే 1,800 వాట్ అవర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని అడుగంటా వాడితే త్వరగా చచ్చిపోతుంది. ఇన్వర్టర్ కూడా కొంత తినేస్తుంది. చేతికొచ్చేది వెయ్యి అనుకోండి. ల్యాప్‌టాప్ 60, పెద్ద స్క్రీన్ 25, నెట్ డబ్బాలు 12, మామూలు ఫ్యాన్ 70, ఎల్ఈడీ దీపం 10, మొత్తం 177 వాట్లు. అయిదున్నర గంటలు నడుస్తుంది. ఫ్యాన్ మార్చి తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారుది పెడితే 30 వాట్లే, ఏడు గంటల దాకా వస్తుంది. అదే సర్క్యూట్ మీద ఇంట్లో టీవీ, ఇంకో రెండు ఫ్యాన్లు ఉంటే మీకు మిగిలేది రెండు గంటలు. కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇన్వర్టర్ లైన్ మీద ఏమేమి ఉన్నాయో విడదీయించండి. డిస్టిల్డ్ నీళ్ళ మట్టం ఎండాకాలంలో నెలకోసారి చూడాలి. కుళాయి నీళ్ళు ఎప్పుడూ పోయకండి.

మీ ఇంట్లో కరెంటున్నా నెట్ పోయే సందర్భం ఒకటుంది. పెద్ద కంపెనీల ఫైబర్ మీ ఇంటి నుంచి వాళ్ళ ఎక్స్చేంజ్ దాకా మధ్యలో కరెంటు అక్కర్లేని విభజన పెట్టెల మీదుగా పోతుంది. లోకల్ కేబుల్ వాళ్ళ లైన్‌లో మాత్రం వీధి చివర కరెంటుతో నడిచే స్విచ్ పెట్టె ఉండొచ్చు. వీధిలో కరెంటు పోతే అదీ పోతుంది. "మీ పెట్టెకు బ్యాటరీ ఉందా, ఎంతసేపు వస్తుంది" అని కనెక్షన్ తీసుకునేముందే అడగండి.

సరిహద్దులో ఉండటం వల్ల మనకున్న ఒక లాభం కూడా చెప్పాలి. పర్లాకిమిడికి పక్కనే పాతపట్నం, బరంపురం వాళ్ళకు ఇచ్ఛాపురం. అటువైపు కరెంటు ఆంధ్రా కంపెనీది, ఇటువైపు ఒడిశాది. ఒకవైపు సబ్‌స్టేషన్‌లో మరమ్మతు జరుగుతుంటే రెండోవైపు సాధారణంగా కరెంటుంటుంది. అటు పిన్నిగారిల్లో, మేనమామ ఇల్లో ఉంటే ముందే మాట్లాడి ఒక బల్ల, ఒక ప్లగ్గు ఖాయం చేసుకోండి. ఇంతకంటే మంచి బ్యాకప్ బల్లలు అద్దెకిచ్చే ఏ కో వర్కింగ్ చోటూ ఇవ్వదు.

గది

తలుపు మూసుకునే గది కావాలి. హాల్లో మూల సరిపోదు. పరీక్ష సులభం: మీరు కూర్చునే చోట ఫోన్‌లో రికార్డర్ పెట్టి, ఉదయం పదకొండు గంటలకు పావుగంట మామూలుగా చదవండి. తర్వాత ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. మీ చెవికి అలవాటైపోయిన కుక్కర్ కూత, పక్కింటి మోటారు, "అప్పడాలూ" అన్న కేక, అన్నీ అందులో ఉంటాయి. నోటి దగ్గరికి మైకు వచ్చే హెడ్‌సెట్ వాటిలో చాలావరకు తీసేస్తుంది. బరంపురంలో ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) నడిచే రోజుల్లో హెడ్‌సెట్ కూడా చాలదు. రెండేళ్ళకోసారే కాబట్టి, ఆ రోజులకు వేరే చోటు చూసుకోండి.

బల్ల ఎత్తు 72 నుంచి 75 సెంటీమీటర్లు, కూర్చునే చోటు ఎత్తు 42 నుంచి 45. మోకాళ్ళు లంబంగా, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. స్క్రీన్ పై అంచు కంటి మట్టానికి రావాలి. ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చి, వేరే కీబోర్డు పెట్టుకుంటే చాలు. ప్లాస్టిక్ కుర్చీలో, మంచం మీద మొదటి నెల బాగానే గడుస్తుంది. మూడో నెలకు నడుం పట్టేస్తుంది. కుర్చీ దగ్గర పొదుపు చేయకండి.

రేకుల కప్పు కింద గది అయితే ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మీకంటే ముందు ల్యాప్‌టాప్ అలిసిపోతుంది. వేడికి అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నెట్ తప్పనుకుని నెట్‌వాళ్ళతో తగవు పడేవాళ్ళున్నారు. ఆ నెలల సాయంత్రాల్లో ఉరుములు మొదలుకాగానే అడాప్టర్లు గోడ నుంచి పీకేయండి. ఫైబర్ గాజు పిడుగును మోయదు. దానికి దన్నుగా వచ్చే ఇనుప తీగ మోస్తుంది. ఆ తీగను ఇంటి బయటే కత్తిరించమని లైన్‌మన్‌కు చెప్పండి.

మూడోది: డబ్బు లెక్క

ఒక ఉదాహరణ. అంకెలు మీవి వేసుకోండి. పెళ్ళికాని అబ్బాయి, చేతికొచ్చే జీతం ఆఫీసుకెళ్తే 38,000, ఇంటి నుంచైతే 32,000. హైదరాబాద్‌లో భోజనంతో హాస్టల్ 9,500, రానూపోనూ 2,000, బయట తిండి, టీలు 2,500, బట్టలు, చిల్లర 1,000, ఊరు వచ్చిపోవడానికి నెలకు సగటున 1,500. మొత్తం 16,500. మిగిలేది 21,500.

ఇంట్లో ఉంటే రెండు నెట్‌లకు 1,100, పెరిగే కరెంటు బిల్లు 600, ఇన్వర్టర్‌కు 25,000 పెట్టి నాలుగేళ్ళకు పంచితే నెలకు 520, కుర్చీ బల్లకు 9,000 అలాగే పంచితే 190, మూడు నెలలకోసారి ఆఫీసుకు వెళ్ళిరావడం సగటున 1,500, ఇంటి ఖర్చుకు అమ్మ చేతికిచ్చేది 6,000. మొత్తం 9,910. మిగిలేది 22,090.

చూశారుగా, ఆరు వేల తేడా ఆరు వందలకు దిగింది, అదీ ఇంటి వైపుకు. ఒంటరివాళ్ళకు డబ్బు ఈ నిర్ణయాన్ని తేల్చదు. పెళ్ళయి పిల్లలుంటే లెక్క ఒక్కసారిగా ఇంటివైపు మొగ్గుతుంది, ఎందుకంటే అక్కడ అద్దె, స్కూలు ఫీజు మొదలవుతాయి. ఇంటికిచ్చే ఆరు వేలు లెక్కలో వేయకపోవడం అందరూ చేసే తప్పు. ఇంట్లో తిండి ఊరికే రాదు.

పన్ను సంగతి చాలామంది పెద్దది చేస్తారు గానీ, 2025–26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల 75 వేల దాకా జీతం మీద పన్ను పడదు. ఆ లోపు జీతమున్నవారు ఇంటద్దె మినహాయింపు పోతుందని బెంగపడక్కర్లేదు. వృత్తి పన్ను ఏ రాష్ట్రం కింద కోస్తున్నారో పే స్లిప్పులో చూడండి. ఏ రాష్ట్రమైనా ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదని రాజ్యాంగం 276వ అధికరణలోనే ఉంది.

నాలుగోది: కంపెనీని అడిగి రాయించుకోవాల్సినవి

నోటిమాట వద్దు. ఈమెయిల్‌లో అడగండి, ఆఫర్ లెటర్‌లో లేదా జవాబు ఈమెయిల్‌లో రావాలి.

ఇంటి నుంచి పని శాశ్వతమా, "తదుపరి నోటీసు వరకు"నా? ఆఫీసుకు రమ్మంటే ఎన్ని రోజుల ముందు చెబుతారు? 60 రోజులు అడగండి, 30కి తగ్గకండి. రమ్మన్నప్పుడు ప్రయాణం, బస ఖర్చు ఎవరిది? ఊరిని బట్టి జీతం తగ్గిస్తారా, తగ్గిస్తే తర్వాత ఆఫీసుకు మారినప్పుడు తిరిగి పెంచుతారా? ల్యాప్‌టాప్ పాడైతే ఎన్ని రోజుల్లో ఇంకోటి వస్తుంది? మీ పిన్ కోడ్ చెప్పి కొరియర్ ఇంటిదాకా వస్తుందో లేదో కనుక్కోమనండి. సెలవుల జాబితా ఏ రాష్ట్రానిది? హైదరాబాద్ జాబితా అయితే బోనాలకు సెలవుంటుంది, ఒడిశా రజో పండగకు ఉండదు.

ఆరోగ్య బీమాలో క్యాష్‌లెస్ ఆస్పత్రుల జాబితా తెప్పించుకుని బరంపురంలో, విశాఖలో ఏవి ఉన్నాయో చూడండి. మన వైపు పెద్ద రోగమొస్తే విశాఖకే పరిగెత్తుతాం. ఆ జాబితాలో హైదరాబాద్ ఆస్పత్రులే ఉంటే అమ్మానాన్నల పేర్లు అందులో రాయించడం వల్ల ఒరిగేది తక్కువ. జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటుంది. డిస్పెన్సరీని మీ జిల్లాలోది ఎంచుకోండి.

ఇక ఒక హెచ్చరిక. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు డబ్బు అడగరు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, టెలిగ్రామ్‌లో లైకులు కొడితే డబ్బు, డేటా ఎంట్రీకి ముందస్తు అగ్రిమెంట్ రుసుము, ఇవన్నీ మోసాలే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే అవతలి ఖాతాను ఆపే అవకాశం ఉంటుంది.

అయిదోది: ఇంట్లోవాళ్ళతో ముందే మాట

"ఇంట్లోనే ఉన్నావు కదరా, గ్యాస్ బండొస్తే తీసుకో." ఈ మాటతో మొదలవుతుంది. తర్వాత బ్యాంకు పని, రేషన్, చుట్టాలను స్టేషన్‌లో దింపడం. ఎవరి తప్పూ కాదు. మన ఇళ్ళలో ఉద్యోగమంటే బట్టలు మార్చుకుని బయటికి వెళ్ళడం. కాబట్టి పని వేళలు కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. తలుపు మూసి ఉంటే ఆఫీసులో ఉన్నట్టే, తెరిచి ఉంటే ఇంట్లో ఉన్నట్టే. మొదటి రెండు వారాలు మీరే ఈ నియమం తప్పకుండా పాటిస్తే ఇల్లు దానికి అలవాటు పడుతుంది. మీరే మధ్యలో లేచి కూరగాయలకు వెళ్తే ఇంకెప్పటికీ పడదు.

కోడలి ఉద్యోగమైతే ఈ మాట ఇంకా గట్టిగా, అత్తామామల ముందు భర్తే మాట్లాడాలి. ఉదయం వంట, మధ్యాహ్నం వడ్డన, వచ్చిపోయేవాళ్ళకు టీ, వీటి మధ్య కాల్స్ పెడితే అది రెండు ఉద్యోగాలవుతుంది. ఎవరు ఏ పూట వంట చేస్తారో తేలకుండా ఇంటి నుంచి పని ఒప్పుకోవడం కంటే బరంపురంలోనో, విశాఖలోనో ఆఫీసు ఉద్యోగం వెతుక్కోవడం ఆమెకు మేలు.

మధ్యేమార్గం

నెలకు నాలుగైదు రోజులు ఆఫీసు, మిగతాది ఇల్లు అన్నది మన దూరాలకు బాగా కుదిరే ఏర్పాటు. కంపెనీలు వారానికి రెండు రోజులంటే, "ఎనిమిది రోజులూ ఒకేసారి వస్తాను" అని అడగండి. బరంపురం నుంచి సికింద్రాబాద్‌కు విశాఖ, ఫలక్‌నుమా, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి. పర్లాకిమిడి వాళ్ళకు పలాసలో ఎక్కడం వీలు, రాయగడ వాళ్ళు నాగావళి ఎక్స్‌ప్రెస్ లేని రోజుల్లో విజయనగరం వచ్చి మారాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, ఆఫీసు తేదీలు రెండు నెలల ముందు రాయించుకోండి. సంక్రాంతి, దసరా చుట్టుపక్కల తేదీలు ఎప్పుడూ ఒప్పుకోవద్దు. ఆఫీసు విశాఖలో అయితే పని ఇంకా తేలిక. బరంపురం మీదుగా భువనేశ్వర్–విశాఖ వందే భారత్, రాయగడ మీదుగా దుర్గ్–విశాఖ వందే భారత్ నడుస్తున్నాయి.

వెళ్ళిన రోజుల్లో ఇంట్లో చేసుకోగల పని పెట్టుకోకండి. మేనేజర్‌తో అరగంట, మీ పనిని రోజూ అందుకునే ఇద్దరితో ఒక భోజనం, కొత్త ప్రాజెక్టుల గురించి వినడం. ప్రమోషన్ల మాటలు పుట్టేది అక్కడే.

అక్టోబరు

ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖను కొట్టింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండలను కూల్చింది. కాబట్టి ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఏటా అయిదు రోజుల సెలవు అక్టోబరు కోసం దాచుకోవాలి. హెచ్చరిక రాగానే మేనేజర్‌కు రాయండి: ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అందుబాటులో ఉండకపోవచ్చు, పని ఎవరికి అప్పగించారు. ఫైళ్ళన్నీ కంపెనీ సర్వర్‌కు ఎక్కించండి. బ్యాటరీలు, పవర్ బ్యాంకులు నింపండి. ల్యాప్‌టాప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అల్మరా పైఅరలో పెట్టండి. ఇన్వర్టర్ నేలమీద ఉంటే ఇటుకలు పేర్చి అడుగున్నర పైకి లేపండి. విశాఖ వెళ్ళి పనిచేద్దామనుకుంటే తుపాను దారి చూసి మరీ బయల్దేరండి.

మూడు నెలలయ్యాక

చేరిన రోజే క్యాలెండర్‌లో తొంభయ్యో రోజు మీద గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ మూడు నెలల్లో కొత్తగా ఏం నేర్చుకున్నారు, ఎవరి దగ్గర? నెట్, కరెంటు వల్ల ఎన్ని మీటింగులు పోయాయి? వారంలో ఎన్ని రోజులు ఇంటివాళ్ళు కాని మనుషులతో ఎదురెదురుగా మాట్లాడారు? పని వేళలు దాటి రోజూ ఎంతసేపు కూర్చుంటున్నారు?

మొదటి దానికి జవాబు దొరక్కపోతే మధ్యేమార్గం అడగండి, లేదా ఏడాదికి ఆఫీసుకు వెళ్ళిపోండి. పోయిన మీటింగులు నెలకు రెండు దాటితే రెండో కనెక్షన్ మార్చండి. మూడో దానికి జవాబు సున్నా అయితే సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లో ఉండకండి. గ్రంథాలయమో, ఆటస్థలమో, స్నేహితుడి కొట్టో, ఏదో ఒకటి. నాలుగోది రోజుకు గంట దాటుతుంటే షిఫ్టు అయ్యాక ల్యాప్‌టాప్‌ను బల్ల మీద వదలకుండా సంచిలో పెట్టి జిప్పు వేసి, వేరే గదిలో ఉంచండి.